మూడువందల ఎనభై కిలోలు

మార్లిస్ కుచేరా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు.
బండి బరువు, ట్యాంకు నింపితే, మూడువందల ఎనభై కిలోలు.
షోరూం కుర్రాడు మొదటిది కళ్ళతో కొలిచి
రెండోది పైకి చెప్పి
నీళ్ళు నమిలాడు.

"సీటు ఎత్తెంత?"
ఇరవయ్యారు అంగుళాలు.
ఎక్కి కూర్చుంది. రెండు మడమలూ నేలకానాయి.
ముప్పయ్యేళ్ళు స్కూలు బస్సు తోలిన మనిషికి
ఆ మాత్రం చాలు.

నెబ్రాస్కాలో ఇసుక గుట్టలు గడ్డి కప్పుకుని పడుకుంటాయి.
వాటి నడుమ రోడ్డు గంటసేపు వంకర తిరగదు.
అలాంటి చోటు కోసమే పుట్టింది ఈ యంత్రం:
రెండే సిలిండర్లు, ఒక్కోటీ పాలక్యానంత.
ఊరికే నిలబెడితే కుంటిగుర్రంలా
దుగ్... దుగ్‌దుగ్... దుగ్...
అప్పుడు అద్దాల్లో ఏమీ ఆనదు,
వెనకున్న లోకమంతా వణికే జావ.
అరవై మైళ్ళు దాటాకే అద్దాలు నిలుస్తాయి.

ఆరో గేరులో వేసి మరిచిపోవచ్చు.
గుట్ట ఎదురొచ్చినా పిడి కాస్త తిప్పితే సరి,
కింది గేరు అడగదు, గొంతు పెంచదు,
లోపలెక్కడో ఊపిరి బిగబట్టి లాగేస్తుంది.
వెనక సిలిండరు సెగ కుడి తొడకి తగుల్తుంది.
జులైలో తిట్టుకుంది, అక్టోబరులో ఏమీ అనలేదు.
మలుపులో మరీ వాలిస్తే
పాదాల కింది పలక తారుని గీకి
చాల్లే అంటుంది.
బ్రేకులకి మాత్రం కాస్త ముందుగా మనవి చేసుకోవాలి.

ఇదంతా నడిచేటప్పుడు.

పెట్రోలు బంకులో, కంకరమీద, మనిషి నడిచే వేగంలో,
హ్యాండిలు తిరిగి ఉండగా ముందు బ్రేకు నొక్కింది.
అంతే. కుడివైపుకి, తీరిగ్గా,
గేదె పడుకున్నట్టు పడుకుంది బండి.

కాఫీ కప్పులతోనే పరుగెత్తుకొచ్చారు ఇద్దరు మగవాళ్ళు.
చెయ్యెత్తి ఆపింది.
గేరులో పెట్టింది. స్టాండు ముందే తీసి ఉంచింది.
అలిగినదానిలా బండికి వీపు తిప్పి
నడుము సీటుకి ఆనించి
ఒక చెయ్యి హ్యాండిలుకి, ఒకటి చట్రానికి వేసి
వెనక్కి, వెనక్కి, చీమ అడుగులు.
చేతులతో కాదు, కాళ్ళతో ఎత్తాలి.
బస్సు షెడ్డులో శనివారాలు పాత పరుపు మీద
దాన్ని పడేసి పడేసి నేర్చుకున్న విద్య.

లేచింది.
సైలెన్సరు మీద జానెడు గీత.
"పెద్దబండే" అన్నాడొకడు.
"అవును" అంది.
నాలుగు గాలన్లకి డబ్బు కట్టింది.

బటను నొక్కితే మళ్ళీ దుగ్... దుగ్‌దుగ్...
అద్దాలు వణికాయి. చేతులూ వణికాయి.
అరవై దాటాక అద్దాలు నిలిచాయి.
చేతులకి ఇంకో పది మైళ్ళు పట్టింది.