తగ్గింపు లేదు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు.
బెజవాడ ఎండలో, రైవస్ కాలువ గట్టున,
ఈ కొత్త మ్యూజియం గోడకి వెంట్రుకవాసి పగులు లేదు.
గోనెపట్టాలు కప్పి ఇరవై ఎనిమిది రోజులూ తడిపినవాడెవడో,
శిలాఫలకం మీద వాడి పేరు లేదు.

మేనకోడలు సుభాషిణి టికెట్లు కొంది.
"బొమ్మలు చూడు మామయ్యా, కప్పు కాదు" అంది.
ముప్పై నాలుగేళ్లు ఆర్ అండ్ బీలో
కొలతల పుస్తకం రాసిన చెయ్యి నాది.
బొమ్మ ముందు నిలబెడితే
దాని వెనక గోడ మందం తెలుస్తుంది.

ప్లాస్టరింగు బిల్లు పాసవలేదు కాబోలు,
పాపం, మధ్యలో వదిలేశారనుకున్నాను.
కాదట. కావాలనే అలా ఉంచారట.
సెంట్రింగు చెక్కల చారలు, మేకు తలలు,
అన్నీ సిమెంటులో దిగి ఉండిపోయాయి.
టేకు కాదు, మామిడి.

కప్పు అంచున మూరెడు సందు.
అందులోంచి ఎండ దిగి
ఎర్రచీరల బొమ్మ కాళ్లదాకా వచ్చి
ఒంటిగంటకి ముఖం చాటేసింది.
వానొస్తే? అన్నాను.
"తడుస్తుంది" అంది సుభాషిణి,
అదేదో గొప్ప సంగతైనట్టు.

పైకి మెట్లు లేవు, వాలు.
పన్నెండుకి ఒకటి. మోకాళ్లు కొలిచి చెప్పాయి.
ఆ వాలు మలుపులో, కమ్మీ పక్కన,
ఒక పాదం.
జానెడులో సగం ఉంటుందేమో.
పచ్చి కాంక్రీటులో దిగింది, అయిదు వేళ్లూ విప్పుకుని.
బొటనవేలి దగ్గర లోతెక్కువ. పరిగెత్తే పాదం.
రెండోది లేదు.
రెండో అడుగు పడేలోపు
ఎవరో రెక్క పట్టుకుని ఎత్తేసుంటారు.
వీపు మీద ఒకటి వేసి కూడా ఉంటారు.

గోడ మీద బొమ్మలకి చీటీలున్నాయి:
పేరు, ఏడు, నూనె రంగులు.
దీనికి లేదు.

ఎంతసేపు నిలబడ్డానో, గార్డు వచ్చాడు.
జేబు మీద ఏసుపాదం అని ఉంది.
"అది బొమ్మ కాదు సార్. బొమ్మలు పైన."
తెలుసన్నాను.
"ఒకసారి పూడ్చమన్నారు సార్. మళ్లీ వద్దన్నారు."
ఎవరన్నారో అతనికీ తెలీదు.

సుభాషిణి పైనుంచి పిలుస్తోంది.
నేను లెక్క వేస్తున్నాను, పాత జబ్బు.
చదరపు మీటరులో పదోవంతు లోపు ఖాళీకి
కొలతల్లో తగ్గింపు లేదు.
అంటే ఆ పాదం నిండా పట్టే కాంక్రీటుకి
కంట్రాక్టరుకి డబ్బులిచ్చేశారు.
ఇలా ఖాళీని నిండుగా రాసి
నేనెన్ని సంతకాలు పెట్టానో.

వంగుదామంటే నడుము ఒప్పుకోలేదు.
చెప్పు విప్పి
పక్కన నా పాదం పెట్టి చూశాను.
చల్లగా ఉంది.
ఏసుపాదం అటు తిరిగి నిలబడ్డాడు.