ఆడవాటికి తాళంచెవి లేదు

నవంబరులో పొద్దున్నే నా మొదటి పని చీపురుతో.
సరస్సు వైపు కిటికీల కింద
బూడిద రంగు కుప్పలు, అరచెయ్యంత మందం,
రాత్రి దీపాల దగ్గరికొచ్చి రాలిపోయినవి.
తడిస్తే చేపల కంపు.
మా అత్తగారి లెక్కలో ఆ చెత్తకంతా ఒకటే పేరు: దోమ.
కుట్టదు గనుక పనికిమాలిన దోమ.

ఆ ఏడు మూడో నంబరు గదిలో దిగిన మొరొబుషి గారు
నా చేటలోంచి ఒక చెంచాడు తీసుకుని
తెల్ల పళ్ళెంలో వేసి స్పిరిట్ పోశాడు.
"హత్సుఎ గారూ, రోజూ ఎందరిని ఊడుస్తున్నారో తెలుసా?"
ఆయన పులుసు చల్లారిపోయింది.
నేను రెండుసార్లు గొంతు సవరించుకున్నాను.

ముందు దోమను వేరు చేశాడు.
దోమ వాలితే వెనక కాళ్ళు లేపుతుంది,
ఇది ముందు కాళ్ళు,
చీకట్లో గోడ తడుముకునే మనిషిలా.
దోమ రెక్కకు పొలుసులు, దీనికి లేవు.
దోమకు సూది. దీనికి నోరుందంటే ఉంది,
బతికే ఆ నాలుగు రోజులకీ
అడుగు బురదలో ఏడాదంతా తిన్నదే చద్దిమూట.

ఆ తర్వాత వాళ్ళలో వాళ్ళను.
కొందరు పిల్లప్పుడు ఎర్రగా ఉంటారట,
గాలాడని బురదలో ఊపిరి దాచుకునే నెత్తురు.
కొందరు మట్టి గొట్టం కట్టుకుని అందులో ఒళ్ళు ఊపుతారు,
ఆ ఊపుకే మావాళ్ళు యుసురికా అన్నారు.
కొందరికి గొట్టాలూ గిట్టాలూ లేవు,
తిరుగుతూ చుట్టపక్కాలనే మింగేస్తారు.
కొందరికి మంచు కరిగిన ఏరు, కొందరికి ఉప్పు సముద్రం.
ఒకరు దక్షిణ ధ్రువం చేరి
ఆ గాలికి రెక్కలే వదులుకున్నారు.
పదకొండు ఉపకుటుంబాలంటూ వేళ్ళు మడిచి
వేళ్ళు చాలక నా చెయ్యి వైపు చూశాడు.
మా సత్రంలో గదులు తొమ్మిది,
ఇద్దరికి చోటు లేదన్నాను.
ఆయన నవ్వలేదు. నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

పోల్చుకునే పుస్తకాన్ని తాళంచెవి అనేవాడు.
మీసం కుచ్చులా ఉందా? పన్నెండో ప్రశ్నకు వెళ్ళు.
ఈ ఈనె ఆ ఈనెను కలుస్తోందా?
తిరిగి తిరిగి చివరికి తోక కొసన,
మగవాడి మర్మం దగ్గర తెరుచుకుంటుంది తలుపు.
ఆ మాట చెప్పి చెవులదాకా ఎర్రబడ్డాడు.
నేను టీ పోస్తూ ఉండిపోయాను.
"మరి ఆడవి?"
"చాలావాటిలో, ఆడవాటికి తాళంచెవి ఇంకా రాయలేదండి."
పళ్ళెంలో సగం పక్కకు నెట్టాడు.
"వీటిని మీరు ఊడ్చేయొచ్చు."

ఊడ్చాను. శనివారం, బస్సు నిండా అతిథులు, ఏం చేస్తాను.

వెళ్ళేరోజు ఒక గాజు పలక చూపించాడు.
జిగురులో ఒకే ఒక్క మగది,
రెక్క ఒక పక్క, తోక ఒక పక్క.
ఏ ప్రశ్నకూ అవుననలేదు, కాదనలేదు.
పేరుండాల్సిన చోట గీత, కింద మా ఊరు, తేదీ,
"పట్టినవారు: హత్సుఎ, చీపురుతో."
నా పేరు పెడతారా అని అడగబోయి ఊరుకున్నాను.
ఒక్కటి చాలదట. ఇంకొకటి కావాలి,
వీలైతే ఆడది.

తర్వాత మురుగు కాల్వలు మళ్ళించారు. నీళ్ళు తేటపడ్డాయి.
పురపాలక సంఘం సంబరపడింది, నేనూ సంబరపడ్డాను,
మొదటిసారి కిటికీలు తెరిచి పడుకున్నాం.
వకసగి చేపలు పట్టే గెంపాచి మాత్రం
వల దులుపుతూ గొణిగాడు,
వీటి తిండి ఎవడు ఎత్తుకుపోయాడని.

ఏటా అక్టోబరులో ఉత్తరం వస్తుంది.
ఈసారైనా ఏమన్నా దొరికాయా?

మూడో గది దీపం ఆర్పడం మానేశాను.
కరెంటు బిల్లు చూసి మా కోడలు మాట్లాడదు,
గిన్నెలు మాట్లాడతాయి.
నిన్న రాత్రి ఒకటి వచ్చింది.
ముందు కాళ్ళు లేపి అద్దాన్ని తడుముతోంది.
మీసాలకు కుచ్చు లేదు.
చీపురు మూలకు ఆనించి కలం తీశాను.
"ఒకామె వచ్చింది. ఎవరో తెలియదు.
గది ఇచ్చాను."