మా ఆయన

ఇరవై రెండేండ్ల సంది
అనసూర్య స్టేజీ మీద తిట్టే మొగడు
నేనే.

"మా ఆయన గురక పెడితె
కాజీపేట జంక్షన్ల సిగ్నల్ ఇయ్యకముందే
గూడ్సుబండి కదుల్తది" అంటది.
"కవర్లల్ల కవర్లు దాస్తడు,
ఆ కవర్లు దాయనీకి ఇంకో కవరు" అంటది.
కవర్ల ముచ్చట నిజమే.
జనం కుర్చీలు చరిచి నవ్వుతరు.
మూడో వరుసల, గోడ పక్కన, నేను గూడ నవ్వుత.
ఎస్తేరక్క, పెద్దదవాఖాన్ల నర్సు,
ఇద్దరు కిరాయి పంచుకుంటరు పాపం.
గంతే ఎరుక ఊరికి.

వాళ్ల నాయిన మిల్లుల బట్ట నేసెటోడు.
మిల్లు మూతవడ్డ తెల్లారి
భోంగ మోగలే.
క్వార్టర్లల్ల అందరు లేచి, ఏం జెయ్యాల్నో తెల్వక
గడపల కాడ కూసున్నరు.
పదకొండేండ్ల పిల్ల వాకిట్ల నిలవడి
గొంతు నరాలు ఉబ్బంగ భోంగ కూసింది.
టిఫిన్ల కోసం చేతులు లేచినయి, ఆగినయి.
ఎవరో నవ్విండ్రు, ఎవరో ఏడ్చిండ్రు,
ఏది ముందో
ఇప్పటికీ ఒప్పుకోరు.

ఎనుకసిరి ఎనుమాముల యార్డుల
మిర్చి బస్తాలెక్కి అడ్తిదారు గొంతుతోని వేలం పాడింది.
హమాలీలు నవ్వలేక, తుమ్మలేక సచ్చిండ్రు.
మొదటి పుస్తకం
పెండ్లి పత్రికల ప్రెస్సుల అచ్చేసినం.
మిగిలిన కార్డులే అట్టలు.
ఒక కార్డు మీద పేర్ల జాగ ఖాళీగుండె.
పెన్సిలుతోని మా ఇద్దరి పేర్లు రాసింది,
ఎంటనే చెరిపింది.
ఏలు పెడితె
ఆ గీతలు ఇంకా తగుల్తయి.

మొన్న హన్మకొండల.
నేను డ్యూటీ చీర మీదనే ఉరికొచ్చిన.
"మా ఆయన" అని ఎత్తుకున్నది, ఆగింది.
నీళ్లు తాగింది.
"ఆయన కాదు" అన్నది,
"మా ఆమె."

ఫ్యాన్ల సప్పుడు ఇనవడ్డది.
ముందట కూసున్న సారు ఫోను జూసుకున్నడు.
ఇద్దరు లేచి పోయిండ్రు, వాళ్ల చెప్పుల సప్పుడు
మెట్లు దిగేదాక అందరం ఇన్నం.
ఎనుకకెల్లి ఒక ముసలమ్మ,
మిర్చి తొడిమెలు తీసే చేతులు,
"గురకకు ఆడ మొగ ఉంటదానే బిడ్డా" అన్నది.

సగం హాలు నవ్వింది.
తక్కిన సగం సంగతి నాకు తెల్వదు.
రెండో నాడు ఓనరు
ఇల్లు ఖాళీ చెయ్యుమన్నడు.

ఆటోల సామాన్లు సదురుతున్న.
ఆమె గడప మీద, మోకాళ్ల మీద కాపీ పెట్టుకొని
దీని మీద గూడ ఏదో రాస్తున్నది,
తనలో తనే నవ్వుతున్నది.
ఒక్క మూట మొయ్యలే.

గిన్నేండ్లు నవ్వినోళ్లందరు
జర రాసిపెట్టుకోండ్రి:
గురక నాది కాదు.
ఆమెది.