కిటికీ లేని గది

బస్తాకి రూపాయి తగ్గించని పెంచలనరసయ్య
ఓడ టికెట్టుకి మూడు నెల్లు బేరమాడాడు.
మంగళవారం బయల్దేరితే చవకంట.
కిటికీ లేని గదైతే ఇంకా చవకంట.

"సముద్రం కనపడకపోతే ఓడెందుకయా?
నాకు ఊపిరాడద్దో లేదో!"
అంది మస్తానమ్మ.

"చూసుకుందాం పామే," అని
గూడూరు మార్కెట్ వెనక
నిమ్మకాయల గోడౌన్లో చాప పరిచాడు.
తలుపేశాడు.
చీకటి. పులుపు వాసన. గోనెసంచుల వేడి.
మిగిలే పద్నాలుగు వేలతో
తాకట్టులో దిద్దులు ఇంటికొస్తాయని
ఆమె వేళ్ల మీద లెక్క.

అర్ధరాత్రి జంక్షన్లో గూడ్సు బండి కదిలింది.
నేల వణికింది.
బస్తా మీంచి ఒక కాయ జారి
దొర్లుకుంటా వచ్చి
ఆమె చెంపకి తగిలింది, చల్లగా.

"ఊగతందయా," అంది మెల్లిగా.
నిద్రపోయాడనుకుంది.

"ఎందాకా వచ్చాం?" అన్నాడు.