తలుపు విరగకూడదు

సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే
ఒక మనిషి తోడేలయ్యేసరికి రాత్రి పదవుతుంది.
ముందు గడ్డం గీయాలి. తర్వాత జిగురు.
తర్వాత జడలబర్రె వెంట్రుకలు, పాయ పాయగా,
స్టుపావ పొలాల్లో మా అమ్మ
క్యాబేజీ నారు నాటినట్టు, నడుం వంచి.

ఒండ్రెయ్ కదలడు.
ఈ క్వారీ మూతబడక ముందు
ఇరవై రెండేళ్ళు ఇక్కడే సున్నపురాయి కొట్టాడు.
కదలకుండా ఉండడం రాయి దగ్గరే నేర్చుకున్నాడు.

రక్తపిశాచులకు ఇంత పని లేదు.
కాస్త తెల్లపొడి, రెండు కోరలు, కళ్ళకి నీలం అద్దాలు.
బ్రాటిస్లావా నాటకశాలల నుంచి వచ్చినవాళ్ళు.
వాళ్ళకి హీటరున్న గుడారం,
వీపున పేర్లు రాసిన కుర్చీలు.
తోడేళ్ళకి కుర్చీలు లేవు.
తోకలున్నాయిగా, ఎలాగూ కూర్చోలేరన్నాడు
లెక్కలు చూసే కుర్రాడు.
వేళాకోళానికి కూడా కాదు.

ఇది మొదటి కథ, కాని రెండో సినిమా.
ఎవరు ఎవర్ని చంపారో
టికెట్టు కొన్నవాళ్ళందరికీ ముందే తెలుసు.
ఇప్పుడు వెనక్కెళ్ళి
నిప్పు ఎక్కడ రాజుకుందో చూపించాలట.
చచ్చినవాళ్ళంతా లేచొచ్చి సంతకాలు పెట్టారు.
పోయినసారి తల తెగిన ప్రభువు
ఎనిమిదేళ్ళు ముసలివాడై తిరిగొచ్చాడు,
నాలుగు వందల ఏళ్ళు చిన్నవాడిగా నటించడానికి.
అతని ముడతల్ని చెవుల వెనక్కి లాగి
టేపు వేసింది నేనే.

ఈ రాత్రి తిరుగుబాటు.
కోట కట్టిన బానిసలు
పున్నమి కింద మొదటిసారి తల ఎత్తాలి.
నలభైమంది, ఒక దూలం, ఒక సింహద్వారం.
పాత సినిమా ఫోటోలు చేత్తో పట్టుకుని
ల్యుద్మిలా వచ్చి చెప్పింది:
"కొట్టండి, గట్టిగా కొట్టండి. తలుపు మాత్రం విరగకూడదు.
తర్వాతి కథలో కథానాయిక
దీని ముందే నిలబడి ఏడుస్తుంది."

కోరల సందున మాట ముద్దవుతుంటే
ఒండ్రెయ్ నా వైపు తిరిగి అడిగాడు:
"మరి మేమెందుకు కొడుతున్నట్టు?"

ఏడుసార్లు తీశారు.
సున్నాకి తొమ్మిది డిగ్రీల కింద
పంచదారపాకం నెత్తురు మీసాల్లో గడ్డకట్టింది.
క్రేనుకి కట్టిన చంద్రుడు గాలికి ఊగుతున్నాడు.
ఎనిమిదోసారి
ఎవరో "కట్" అని అరిచారు.
తోడేలు చెవుల కింద దూది ఉంటుంది.
వినపడలేదు.
వినపడలేదనే అందరూ చెప్పారు, తర్వాత.

ప్లైవుడ్డు, ప్లాస్టరు, రబ్బరు మేకులు.
తలుపు నిట్టనిలువునా చీలి పడింది.

దాని వెనక కోట లేదు.
ఒక జనరేటరు, ఒక మడతబల్ల,
ఆవిరి కక్కే క్యాబేజీ చారు ముందు
చెంచాలు గాల్లో ఆపిన ముగ్గురు పిశాచులు.
నలభై జతల కళ్ళు ఆ చారు వైపే చూశాయి.
ముసలి పిశాచి కోరలు తీసి జేబులో వేసుకుని
మెల్లగా లేచి నిలబడ్డాడు.
కుర్చీ ఇవ్వడానికో,
పారిపోవడానికో,
నాకిప్పటికీ తెలీదు.

తెల్లారేలోగా తలుపు నిలబడాలన్నారు.
వడ్రంగులేరీ?
వడ్రంగులే తోడేళ్ళు.
నవంబరులో, గంటకింతని,
ఆ తలుపు చేసింది వాళ్ళే.
బొచ్చు ఊడదీసే వ్యవధి లేదు.
సుత్తి పట్టు దొరకాలని
గోళ్ళు మాత్రం పీకేశాను.
మోకాళ్ళ మీద కూర్చుని, తోకలు బురదలో ఈడుస్తూ,
తాము విరగ్గొట్టింది తామే అతికించారు.
పగుల్లో ప్లాస్టరు కూరి
ఒండ్రెయ్ బొటనవేలితో నునుపు చేస్తుంటే
పసిదాని నుదుట మందు రాస్తున్నట్టుంది.

ఆరింటికి నా ముందు కూర్చున్నాడు, పీపా మీద.
స్పిరిటు అద్ది, చెంపలు ఒలిచాను.
కందిన మనిషి బయటికొచ్చాడు.
అద్దం ఇస్తే చూసుకోలేదు.
"కుడివైపు కీలుకి జిగురు పెట్టలేదు" అన్నాడు.

నేనేమీ వినలేదు.
తోక మీద బురద దులిపి,
నంబరు చూసి,
పెట్టెలో సర్దాను.