ముట్టరాదు

స్టోన్‌హౌస్‌పేటలో మూతబడ్డ ప్రెస్సు మీద
మా విచిత్ర కళాసమితి.
మెట్లెక్కితే
గూడూరు అభ్రకం పొరల్లో ఇరుక్కున్న చీమ,
దుర్యోధనుడి సగం మీసం.
మిగతా సగం కావలి నాటకంలో
జనంలోకి ఎగిరిపోయిందట.

బారు పెంచలయ్యది. ఒకప్పటి కాంపౌండరు.
రమ్ములో సుగంధి, నిమ్మరసం, ఉప్పు పిసరు
మందుసీసా గీతల లెక్కన పోస్తాడు.
"పూటకి రెండు గీతలే. అన్నం తిన్నాక."

చేరిన మొదటి రాత్రి
కిటికీలో నిండుగా ఉన్న గ్లాసు
నాదనుకుని తాగేశాను.
హార్మోనియం మస్తానుది.
పోయి ఆరేళ్లు.
రోజూ పోస్తారు, రోజూ పారబోస్తారు.

ఎవరూ తిట్టలేదు.
గ్లాసు వెనక్కి తిరిగున్న చీటీ విప్పి
నా చొక్కా గుండీకి కట్టాడు పెంచలయ్య.
"పాడు."

నాకు పాట రాదన్నాను.

"వాడికి మాత్రం వచ్చి చచ్చిందా, అబ్బయా!"