సుమారు 1931

అతని కార్డు మీద పుట్టిన తేదీ లేదు.
'సుమారు 1931' అని ఉంది.
కోల్దా అవతల ఆ ఊళ్లో ఏ వానాకాలం పుట్టాడో
వాళ్లమ్మకు తెలుసు, ఆఫీసుకు అక్కర్లేదు.
ఛాతీ కొలిచి, పళ్లు చూసి
పద్దెనిమిదేళ్లు నిండాయని ఒక సార్జెంటు తేల్చేశాడట.

ఇప్పుడు మాత్రం అంతా రోజుల లెక్క.

మంగళ, గురువారాలు నేను బోందీ హాస్టల్లో
మెట్ల కింది బల్ల దగ్గర కూర్చుంటాను.
నీలం కవర్లు, ఒక స్టేప్లరు,
ముసలివాళ్లు నాకోసం దాచి తెచ్చే ఖర్జూరాలు.
యోరో బాల్డే కోటు గుండీలన్నీ పెట్టుకుని వస్తాడు.
పతకం పెట్టుకోడు.
పతకం తెచ్చేది ఎన్‌గోర్ సార్,
అదీ జేబులో, తాళంచెవుల గుత్తికి తగిలించి.

"మళ్లీ చెప్పు బిడ్డా, ఏది ఏదో."

మళ్లీ చెప్తాను.
ఇది సిపాయి పింఛను, తాతా. ఎక్కడున్నా మీదే.
మీ దేశానికి సొంత జెండా వచ్చాక దీన్ని గడ్డకట్టించారు.
బియ్యం ధర పెరిగింది, ఇది పెరగలేదు.
ఎన్నో ఏళ్లకు కరిగించారు,
అప్పటికి దోసిలి పట్టేవాళ్లు కొందరే మిగిలారు.
ఇదేమో వృద్ధాప్య భత్యం. పెద్దది.
మీ ఇంటి రేకులు, మనవరాలి ఫీజు, బావి మోటారు
అన్నీ దీంట్లోంచే.
కానీ ఇది ఏడాదిలో ఆరు నెలలు
మీరు ఇక్కడ, ఈ గదిలో ఉంటేనే.

"అంటే యుద్ధానికి కాదు."
కాదు.
"మంచానికి."
ఔను తాతా. ఒక రకంగా మంచానికే.

నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆ మంచం రెండో అంతస్తులో, 214లో.
చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి.
క్యాలెండర్లో ఇక్కడి రోజుకు గీత, ఇంటి రోజుకు సున్నా.
ఒక ఏడు సున్నాలు నాలుగు ఎక్కువయ్యాయి.
భార్యకు జ్వరం తగ్గలేదని ఆగిపోయాడు.
తీసుకున్న డబ్బు తిరిగి కట్టమని ఉత్తరం.
చదివి వినిపించింది నేనే.
చదువు వచ్చినందుకు సిగ్గుపడ్డ రోజది.

"ఇందోచైనాలో, ఆ బురదలో,
ఆర్నెల్లు అయ్యాయి, ఇక ఇంటికి పోతామని
మేము అన్నామా?"
నన్ను కాదు అడిగింది. స్టేప్లర్ని.

చలికాలం చివర కొత్త ఉత్తరాలు వచ్చాయి.
రెండుసార్లు చదువుకున్నాకే పైకి చదివాను:
ఇంటికి వెళ్లిపోవచ్చు. అక్కడే ఉండిపోవచ్చు.
భత్యం ఆగదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఒకాయన, ఏ కాగితం జత చేయాలన్నాడు.
ఇంకొకాయన, ఇది అబద్ధమైతే ఎవర్ని పట్టుకోవాలన్నాడు.
యోరో చాలాసేపు తన కవరు అంచు నిమిరాడు.
"ఇన్నేళ్లూ చుట్టంలా వెళ్లొచ్చాను బిడ్డా.
నా మంచం ఏ మూల వేస్తారో
ఫోన్ చేసి అడగాలి."

కట్టలో ఒక ఉత్తరం మిగిలింది.
ఎన్‌గోర్ సార్ గారికి.
ఆయన పోయి అయిదు వారాలు.
ఆసుపత్రి వాళ్లు నిమిషంతో సహా రాశారు, నాలుగూ పది.
ఆయన కాగితాలన్నిటిలో
సుమారు లేని అంకె అదొక్కటే.

తిప్పి పంపాలంటే కవరు వెనక గళ్లున్నాయి:
చిరునామా తప్పు. తీసుకోలేదు.
నిరాకరించారు. వెళ్లిపోయారు.
పైకే చదివాను, అలవాటు కొద్దీ.

"వెళ్లిపోయారు. అది పెట్టు,"
అన్నాడు యోరో, కోటు పైగుండీ విప్పుకుంటూ.
"ఎక్కడికని వాళ్లు అడగలేదుగా."

టిక్కు పెట్టాను.
పెన్ను సరిగా పడలేదు.
మళ్లీ దిద్దాను.